ఈశాన్యం మూల లైటు

ఈత కొలనులకు పైపులు, లైట్లు వేయడం నా పని. రేణిగుంటలో చిన్న షాపు ఉంది. పదహారేళ్ళలో హోటళ్ళకు, తోట ఇళ్ళకు చాలానే వేశాను. గుణశేఖర్ గారింటి పని మాత్రం ఒప్పుకోకుండా ఉండాల్సింది.

ఆయనకు లారీలున్నాయి. చంద్రగిరి దాటాక మామిడితోట పక్కన కొత్త ఇల్లు కట్టుకున్నారు. కూతురు లోహితకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ క్రితం కారు బోల్తాపడి వెన్ను దెబ్బతింది. అప్పటినుంచి నిలబడలేదు. నీళ్ళలో కసరత్తు చేయిస్తే కాళ్ళకు కొంత పట్టు రావచ్చని డాక్టరు చెప్పాడట. అందుకే పెరట్లో కొలను. పిల్ల ఒక్కసారి తన కాళ్ళ మీద నిలబడితే చాలని తల్లి కోమలి నాతో అన్నప్పుడు ఈ పని బాగా చేయాలనుకున్నాను.

తవ్వకం మొదలుకాకముందే ప్లాను గీశాను. పడమటి గోడలోని రెండు పైపులు శుభ్రమైన నీళ్ళు వదులుతాయి. దక్షిణం గోడకు పెట్టిన నోరు పైన తేలే చెత్తను లాక్కుంటుంది. నాలుగు మూలలా నీళ్ళలోపల నాలుగు లైట్లు. వాస్తు ప్రకారం లోతంతా ఈశాన్యం మూలకు.

లోహిత చక్రాల కుర్చీలో కూర్చుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఈశాన్యం మూల మీద వేలు పెట్టింది.

"ఈడ లైటు వద్దంట మామా."

ఎవరు వద్దన్నారని అడిగాను. ఇంకా తవ్వని ఆ నేల వైపు చూసింది. పిల్లల మాటలే అనుకున్నాను.

ఆ మూల తవ్వుతుంటే ఆరడుగులకే మట్టి తడిగా వచ్చింది. ఏదో మగ్గిన వాసన. ఎనిమిది వందల అడుగులు వేస్తేగాని బోరు పడని చోట ఈ చెమ్మ ఎట్లా వచ్చిందని మేస్త్రీ పెంచలయ్య పారతో దాన్ని కెలికి చూశాడు. మరుసటి రోజు నుంచి అతను ఆ మూలకు దిగలేదు.

కార్తీకంలో కొలను నింపాం. ఆ సాయంత్రం ఆరున్నరకు లైట్లు చూద్దామని వెళ్ళాను. గుణశేఖర్ గారు ఊళ్ళో లేరు. కోమలి, పిల్ల ఉన్నారు. స్విచ్ వేశాను. నాలుగూ వెలిగాయి. నీళ్ళు నీలంగా మెరిశాయి. అంతలో ఈశాన్యం లైటు కన్ను మూసినట్టు ఆరిపోయింది.

కోమలి టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఈలోపు నీటి పోకడ చూద్దామని గుప్పెడు బొరుగులు చల్లాను. అవి దక్షిణం నోటి వైపు పోవాలి. పోలేదు. మెల్లగా తిరిగి చీకటి మూలకు చేరాయి. అక్కడ పైపు లేదు, నీళ్ళు పోయే జాలీ లేదు. ఒక్కొక్కటే లోపలికి మునిగిపోతున్నాయి... ఎవరో ఏరుకుని తింటున్నట్టు.

మోటారు గదిలోకి పరుగెత్తి మోటారు ఆపేశాను. చప్పుడంతా ఆగింది. తోటలో కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి.

బయటికి వచ్చాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

చీకటి మూలలో లోహిత నిలబడి ఉంది. నా వైపు వీపు పెట్టి, నిటారుగా... నీళ్ళు నడుము దాకానే ఉన్నాయి.

ఆ మూల లోతు ఆరడుగులు.

"మిగతా లైట్లు గూడా ఆర్పేయి మామా," అంది గుసగుసగా. "కండ్లు నొప్పంట."

ఎట్లా దూకానో తెలియదు. నడుము పట్టుకుని లాగాను. అది తొమ్మిదేళ్ళ పిల్ల బరువు కాదు. ఇంకెవరినో కలిపి లాగుతున్నట్టుంది. మగ్గిన మట్టి వాసన... మళ్ళీ లాగాను. ఒక్కసారిగా బరువు తేలికైంది. గట్టు మీదికి చేర్చేసరికి కోమలి చేతిలోని గ్లాసులు కింద పడ్డాయి. ఏడుస్తూ వచ్చి పిల్లను హత్తుకుంది. పిల్ల మాత్రం ఏడవలేదు. నీళ్ళ వైపే చూస్తోంది.

మరునాడే గుణశేఖర్ గారు నీళ్ళు తోడించి, లారీలతో మట్టి తెప్పించి కొలను పూడ్పించారు. ఇప్పుడక్కడ చదునైన నేల.

మొన్న కోమలి ఫోన్ చేసింది. లోహిత నడుస్తోందట, కర్ర కూడా లేకుండా. నా కళ్ళు చెమర్చాయి. మంచి మాట చెప్పావమ్మా అన్నాను. ఆమె గొంతులో సంతోషం లేదు. ఎవరైనా వింటారేమోనన్నట్టు చాలా మెల్లగా మాట్లాడింది.

"స్నానం చేసి తడి కాళ్ళతో హాల్లోకి నడిచొస్తాది అన్నా. నేల మీద పాదాల గుర్తులు పడవు..."

గొంతు ఇంకా తగ్గించింది.

"అరచేతుల గుర్తులు పడతాండాయి. పెద్దవి."