పదిహేను అంగుళాల నీళ్ళు

ప్రద్యోత్ సైకిల్ దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. క్యారియర్ మీద తువ్వాల్లో చుట్టి కట్టిన పొడుగాటి అట్టపెట్టెను పసిబిడ్డను దించుకున్నట్టు దించుకున్నాడు. లోపల అడుగున్నర పొడవు ఎల్‌ఈడీ లైటు ఉంది. గాలిఫ్ వీధి ఆదివారం సంతలో నాలుగు దుకాణాలు తిరిగి, ప్రతిచోటా వెలిగించి చూసి మరీ తెచ్చాడు. జూలై నెల, కలకత్తా ఆకాశం మాసిన దుప్పటిలా ఇళ్ళ మీదికి జారుతోంది.

ఎదురుగా ఐదంతస్తుల భవనం. అద్దాల మీద బంగారు అక్షరాలతో 'కల్మీ సరోవర్' అని రాసి ఉంది. సరోవరం మాత్రం లేదు. ఉన్న చెరువును రెండేళ్ళ కిందట లారీలకొద్దీ రాళ్ళూ రప్పలూ పోసి పూడ్చేసి, దాని పేరును దాని సమాధి మీదే చెక్కుకున్నారు. ఆ చెరువు మీద బతికిన నలభై ఇళ్ళవాళ్ళలో ఇద్దరికి ఇక్కడే కాపలా ఉద్యోగాలు దొరికాయి. మిగతావాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగరు. అడిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేడు.

"వచ్చావా చేపలోడా! సూర్యుణ్ణి మూటగట్టుకొచ్చావా?" లోపలి గదిలోంచి గౌరాంగ సాంపుయి గొంతు ఖంగుమంది.

ఈ భవనం అతనిదే. చెరువు పూడ్చిందీ అతనే. ఆరడుగుల మనిషి, తెల్లని లాల్చీ, వేళ్ళకు ఐదు రాళ్ళ ఉంగరాలు. అతని కుర్చీకి ఎడంపక్కన, చెక్క అల్మరా మీద, పాత ఆఫీసు నుంచి తెచ్చిన రెండడుగుల అక్వేరియం ఉంది. పదిహేను అంగుళాల లోతు నీళ్ళు, రాళ్ళు, గోధుమరంగు ఆకుల నీటిమొక్కలు, ఒక డజను చిన్న చేపలు.

"చిన్న సూర్యుడే దాదా. మెల్లగా అలవాటు చేయాలి. ఒక్కసారిగా వెలుగు ఎక్కువైతే పాచి పట్టేస్తుంది."

"త్వరగా కానీ. ఫ్లాట్లు చూడ్డానికొచ్చే ప్రతివాడూ 'సరోవరం ఎక్కడండీ' అంటున్నాడు. ఇదిగో ఇదే సరోవరం అని చూపిస్తా." తన హాస్యానికి తనే కడుపు పట్టుకుని నవ్వాడు. ప్రద్యోత్ కూడా నవ్వాడు. నవ్వినందుకు నోట్లో చేదు ఊరింది.

తొట్టె పాత మూత విప్పాడు. అంచులు నల్లబడ్డ రెండు ట్యూబులు, తుప్పు పట్టిన చోకు. ప్లగ్గు పీకగానే రెండేళ్ళుగా గుయ్యిమంటున్న చోకు మోత ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది. అప్పుడు వినిపించింది, ఇన్నాళ్ళూ ఆ మోత కింద అణిగి ఉన్న చప్పుడు. తొట్టె అడుగు నుంచి… గుబుక్. కాసేపాగి… గుబుక్. ఎవరో నోరు మూసుకుని గుటక వేస్తున్నట్టు.

మట్టిలో గాలి బుడగలు అనుకున్నాడు.

ఆ మట్టి తెచ్చింది ప్రద్యోతే. నీటిమొక్కలకు చెరువు మట్టిని మించింది లేదు. అడుగున ఐదంగుళాలు అది పరిచి, పైన ఇసుక కప్పితే ఎరువు అక్కర్లేదు. లారీలు రాకముందు రోజు, సందెవేళ, మోకాలి లోతు బురదలో దిగి కల్మీ చెరువులో రెండు బకెట్లు తోడుకున్నాడు. రెండో బకెట్‌కు చెయ్యి లోతుగా పెట్టినప్పుడు వేళ్ళకు ఏదో తగిలింది. చల్లగా, మెత్తగా, కొనలు చీలి… తామర దుంప అనుకున్నాడు. బకెట్ ఎత్తుకుని గట్టెక్కాడు, వెనక్కి చూడలేదు.

అప్పటికి అనాది మాస్టారు కనబడక నాలుగు రోజులు.

చెరువు పూడ్చొద్దని కోర్టుకెక్కిన బడిపంతులు ఆయన. 'చెరువు ఎవడబ్బ సొత్తు? ఊరందరి సొత్తు!' అని గోడల మీద ఎర్రరంగుతో రాయించినవాడు. ఆ రంగు డబ్బా మోసింది ప్రద్యోత్. పోలీసులు 'ఎక్కడికో పోయుంటాడు' అని ఫైలు మూసేశారు. ఆయన భార్య షెఫాలి ఈ రోజుకీ ముత్తైదువ గుర్తైన శంఖు గాజులు తీయలేదు, పాపిట సింధూరం మానలేదు. శవం దొరకని మనిషి చచ్చినట్టూ కాదు, బతికినట్టూ కాదు. ప్రద్యోత్‌కు తెలిసిన ఒక్క మాట చెబితే ఆమె ఎదురుచూపు ఆ పూటకే ఆగిపోయేది. చెప్పలేదు. పైగా హంతకుడి గదిలో చేపలకు నీళ్ళు మారుస్తున్నాడు. బతకాలి కదా. ఈ దేశంలో హంతకులకు తుపాకులెందుకు? 'బతకాలి కదా' అన్న ఆ రెండు మాటలే వాళ్ళకు కాపలా.

కొత్త లైటు బిగించి, వెలుగు తగ్గించే మీటను పావువంతు దగ్గర ఆపాడు. టైమరు మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా పెట్టాడు. తెల్లటి వెలుగు నీళ్ళలోకి సూటిగా దిగింది. రెండేళ్ళుగా మసకలో ఉన్న తొట్టె అడుగు దాకా కనిపించింది. వెనక మూల ఇసుకలోంచి వేలెడంత ఆకుపచ్చ మొలకలు ఐదు. తను నాటినవి కావు. చెరువుల అడుగున రిబ్బన్లలా పెరిగే ఝాంజీ మొక్క, మట్టితోపాటే వచ్చింది. చాలని వెలుగులో చావకుండా, పెరగకుండా, ఓపిక పట్టి కూర్చుంది.

నాలుగో రోజు వచ్చి చూసేసరికి జానెడు పొడుగైంది.

పొడుగవడం వింత కాదు. ఏ మొక్కయినా వెలుగు వైపు సాగుతుంది, లైటు పైన ఉంది కాబట్టి పైకి పోవాలి. ఈ ఆకులు పక్కకు వాలాయి. ఐదు ఆకుల కొనలూ కుడివైపు అద్దానికి అతుక్కుని నిలబడ్డాయి. అద్దం అవతల సాంపుయి కుర్చీ ఉంది.

ప్రద్యోత్ లైటును ఎడమ చివరికి జరిపాడు. మర్నాటికి కూడా ఆకులు కుడివైపే ఉన్నాయి. ఆ వారమే వాస్తు పంతులు చెప్పాడని సాంపుయి కుర్చీని గదికి ఇవతలి పక్కకు మార్పించాడు. సోమవారం వెళ్ళి చూస్తే ఆకులన్నీ ఇటు తిరిగి ఎడమ అద్దానికి అతుక్కున్నాయి.

"చూశావా, మొక్కలు కూడా నాకే దండం పెడుతున్నాయి!" అన్నాడు సాంపుయి. కానీ ఈసారి నవ్వు సగంలో తెగింది. "ఒరేయ్… ఈ వాసనేంట్రా?"

బురద వాసన. సందెవేళ, మోకాలి లోతు దిగినప్పటి వాసన.

ఆ రోజు ఒక పిలకను తుంచి, ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసుకుని షెఫాలి వదిన ఇంటికి తీసుకెళ్ళాడు. ఎందుకు తీసుకెళ్ళాడో తనకే తెలియదు. "మన చెరువు మొక్క వదినా," అన్నాడు. ఆమె దాన్ని గాజు సీసాలో వేసి, తూర్పు కిటికీలో పెట్టింది. "నీళ్ళు చాలా?" అంది. "చాలు," అన్నాడు.

* * *

మరుసటి గురువారం ఉదయం మొదలైన వాన మధ్యాహ్నానికి వీధుల్ని కాలవలు చేసింది. నడుముల్లోతు నీళ్ళలో సైకిల్ తోసుకుంటూ ప్రద్యోత్ ఆఫీసు చేరాడు. సాంపుయే ఫోన్ చేసి పిలిచాడు. ఉద్యోగులెవరూ రాలేదు. ఆయన ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద కిచిడీ, వేయించిన ఇలిష్ చేప ముక్కలు ముట్టుకోకుండా చల్లారిపోతున్నాయి.

"పీకెయ్," అన్నాడు సాంపుయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ పిచ్చిమొక్కను వేళ్ళతో సహా పీకి పారెయ్. మూడు రోజులై నిద్ర లేదు. ఇంట్లో పడుకున్నా గుబుక్ గుబుక్…"

ప్రద్యోత్ తొట్టె దగ్గరకెళ్ళాడు. వానచీకటి గదిలో అదొక్కటే వెలుగుతోంది. ఝాంజీ ఆకులు అద్దం నిండా పరుచుకున్నాయి. చేపలు ఒక్కటీ లేవు. వేళ్ళు ఇసుకను తోసుకుని పైకి లేచాయి. ఆ వేళ్ళ నడుమ… ఒక కళ్ళజోడు ఉంది.

నల్ల ఫ్రేము, ఎడమ కాడకు చుట్టిన రాగి తీగ. ఆ తీగ చుట్టింది తనే. సభకు ఆలస్యమవుతోందని మాస్టారు తొందర పెడుతుంటే.

వెనక నుంచి సాంపుయి వంగి చూశాడు.

"అది…" గుసగుసలాడాడు. "అది ఎక్కడిది?"

"మీరే చెప్పాలి దాదా."

"నోర్ముయ్. తియ్యి దాన్ని."

"మీరు తీయండి."

సాంపుయి అతన్ని తోసేశాడు. ఉంగరాల చెయ్యి నీళ్ళలో దింపాడు. ముంజేయి మునిగింది. మోచెయ్యి మునిగింది. నీళ్ళు పదిహేను అంగుళాలే, అందులో ఐదు అంగుళాలు మట్టి. అంతకుమించి లోతు లేదు. అయినా చెయ్యి ఇంకా దిగుతోంది… భుజం దాకా.

"పట్టుకుంది!" సాంపుయి గొంతు చీలింది. "ఏదో పట్టుకుందిరా! లాగు! నన్ను లాగు!"

ప్రద్యోత్ వంగి కింద అల్మరా తలుపు తెరిచాడు. ఖాళీ. సాలెగూడు, పాత చోకు. పైన ఒక మనిషి చెయ్యి భుజం దాకా దిగింది, కింద ఏమీ లేదు.

"లైటు తీసెయ్! వెలుగుకే బలం దానికి! తీసెయ్‌రా!"

నిజమే. ప్రద్యోత్‌కు కూడా ఆ క్షణంలోనే తెలిసింది. చెయ్యి మీట మీదికి వెళ్ళింది. పావువంతు దగ్గర ఉంది. ఎడమకు తిప్పితే ఆరిపోతుంది.

కుడికి తిప్పాడు. చివరిదాకా.

గది తెల్లగా మండింది. ఆకులు నీళ్ళు దాటి పైకి లేచాయి. సాంపుయి మెడకు ఒకటి. నోటికి అడ్డంగా ఒకటి. ముఖం అద్దపు అంచుకు కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ముక్కు పగిలి నీళ్ళు ఎర్రబడ్డాయి. అరచేత్తో అద్దాన్ని బాదుతున్నాడు. ఉంగరాల రాళ్ళు ఊడి ఎగిరిపడ్డాయి. ఒక్కసారి తల పైకొచ్చింది.

"నేను కాళ్ళు పట్టుకున్నా, అంతే! తల అదిమింది వేరేవాళ్ళు! మాస్టారూ, నేను కాళ్ళే—"

తల కిందికి పోయింది. ముందు నుదురు. తర్వాత చెవులు. పెద్ద బుడగలు. చిన్న బుడగలు. గుబుక్…

ఎంతసేపో తెలియదు. ఆ సేపంతా ప్రద్యోత్ చెయ్యి మీట మీదే ఉంది.

తర్వాత అద్దం పగిలింది. నీళ్ళూ నెత్తురూ నల్లమట్టీ ఒక్కసారిగా అతని కాళ్ళ మీద పడ్డాయి. సాంపుయి నేల మీద బోర్లా పడి ఉన్నాడు. గుప్పిట్లో కళ్ళజోడు ఉంది. ప్రద్యోత్ దాన్ని వేళ్ళు విడదీసి తీసుకున్నాడు. ఝాంజీ కోసం వెతికాడు. ఒక్క ఆకు కూడా లేదు.

* * *

షాక్ కొట్టి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అద్దం ముక్కలు కోసుకుని చనిపోయాడని పత్రికలు రాశాయి. శవపరీక్ష దగ్గర పనిచేసే తెలిసినాయన మాత్రం టీకొట్టు దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "ఊపిరితిత్తుల నిండా మట్టే బాబూ. కడుపు నిండా మట్టే. తీసి పోస్తే రెండు బకెట్లయింది."

ఎనిమిదో రోజు, ఎండ కాసిన ఉదయం, ప్రద్యోత్ షెఫాలి వదిన ఇంటికెళ్ళాడు. కళ్ళజోడు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె రాగి తీగను వేలితో చాలాసేపు నిమిరింది. ఏడవలేదు. శంఖు గాజుల్ని ఒక్కొక్కటిగా గడప రాతికి కొట్టి పగలగొట్టుకుంది. తర్వాత అడిగింది.

"ఎక్కడ దొరికింది?"

"సాంపుయి తొట్టెలో. మట్టిలో."

"ఆ మట్టి ఎవరు తెచ్చారు?"

"…నేనే వదినా."

"ఎప్పుడు?"

"లారీలు రావడానికి ముందు రోజు."

"అంటే ఆయన పోయిన నాలుగు రోజులకు." ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు. రెండేళ్ళుగా రోజులే లెక్కపెడుతోంది. "నీ చేతికేమీ తగల్లేదా?"

"తామర దుంప అనుకున్నాను."

"కల్మీ చెరువులో తామరలు ఎప్పుడున్నాయి, ప్రద్యోత్?"

అతను తల దించుకున్నాడు. ఎక్కడా లేవు. ఏనాడూ లేవు. ఈత నేర్చుకున్న చెరువు అది, అతనికి తెలియదా? చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"ఆగు," అంది ఆమె. గొంతు మారింది.

ఆమె కిటికీ వైపు చూస్తోంది. తూర్పు ఎండ సీసా మీద నిండుగా పడుతోంది. లోపల ఝాంజీ పిలక వేసిన నాలుగు ఆకులూ ఎండకు వీపు తిప్పి, గది వైపు అద్దానికి ఆనుకున్నాయి. అతను చూస్తుండగానే కొనలు మెల్లగా కదిలాయి. ఆమె వైపు నుంచి తిరిగి… గుమ్మం దగ్గరున్న అతని వైపుకు వచ్చి… ఆగాయి.

"అందులో ఉత్త నీళ్ళే పోశాను నేను," షెఫాలి గుసగుసగా అంది. "మట్టి వేయలేదు."

సీసా అడుగున నాలుగు వేళ్ళ మందాన నల్లటి మట్టి ఉంది.

గుబుక్.