చెవుల హోరు

ఉదయగిరి నుంచి లిదియమ్మ ఆత్మకూరులో డిటెక్టివ్ పెంచలనరసయ్య ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేతిలో రెండు ఖాళీ షీట్లు ఉన్నాయి, ఒకటి తెల్లమాత్రలది, ఒకటి క్యాప్సూళ్ళది.

"నకిలీ మాత్రలిచ్చి నా బిడ్డ దయాసాగర్ని చంపినాడయ్యా ఆ ఆరెంపీ తిరుపాలు. వాణ్ణి జైల్లో ఏయించండి."

దయాసాగర్ బోరు లారీ మీద ఛత్తీస్‌గఢ్ పోయి మలేరియా తెచ్చుకున్నాడు. తోటి పనివాడు వెంకటేష్‌కూ అదే జ్వరం, తిరుపాలు ఇచ్చిన అవే మాత్రలు. వెంకటేష్ లేచి తిరుగుతున్నాడు, దయాసాగర్ సమాధికి చేరాడు. ఊరు తిరుపాలు ఇంటి మీద రాళ్ళేసింది.

గురువుగారిది పాదరసం లాంటి బుర్రని అసిస్టెంటు నవ్యశ్రీ నమ్మకం. ఉదయగిరిలో ఆయన అడిగిన ప్రశ్నలకు ఆ నమ్మకం కాస్త కదిలింది.

"మాత్రలేసుకుంటే ఎట్లుండింది?"

"చెవుల్లో ఒకటే హోరు సార్, కోర్సు అయ్యేదాకా," అన్నాడు వెంకటేష్.

"మీ ఆయనకో?"

"మొదటి రోజు హోరు, వాంతి," అంది దయాసాగర్ భార్య సుకుమారి. "తర్వాత లేదు సార్. చర్చిలో పాట గూడా వినబడతా ఉండాదన్నాడు."

"మాత్రలు ఎవరిచ్చేది?"

"మా అత్తే. పసిబిడ్డకు పెట్టినట్టు పెట్టేది."

సాయంత్రం నరసయ్య అందరినీ లిదియమ్మ వసారాలో కూర్చోబెట్టాడు. తిరుపాలు గోడకు అతుక్కుపోయి ఉన్నాడు.

"మలేరియా క్రిమి లోపల ఒక మొక్క ముక్క ఉంది. ఏనాడో దాని పూర్వీకుల కడుపులో పడ్డ నీటిపాచి అరక్క మిగిలిపోయింది. పచ్చదనం పోయినా, అది లేందే క్రిమి బతకదు. ఈ క్యాప్సూల్ దెబ్బ ఆ ముక్కకే. అయితే తల్లిక్రిమి వెంటనే చావదు, దాని పిల్లలు ఆ ముక్క సరిగా లేక చస్తాయి. అంతదాకా మనిషిని నిలబెట్టేది తెల్లమాత్ర. అది ఒంట్లో ఉన్నన్నాళ్ళూ చెవులు హోరుమంటాయి. దయాసాగర్‌కు హోరు ఆగింది. అంటే మాత్ర ఆగింది."

మాత్రలు పెట్టిందెవరో నవ్యశ్రీకి గుర్తొచ్చింది. ఇప్పుడు గురువుగారు నోరు మూసుకుంటే బాగుండుననిపించింది. కానీ గోడ దగ్గర ఒక నిర్దోషి ఉన్నాడు.

"తెల్లమాత్రలు ఏం చేసినావమ్మా?"

"షీట్లోంచి ఒలిచి పెంటదిబ్బలో పారేసినా," అంది లిదియమ్మ. "వేడి చేసే మాత్రనుకున్నా. ఒక్కదానికే బిడ్డ అల్లాడిపోయినాడు. రెండోదుండాది గదా, చాల్లే అనుకున్నా."

తిరుపాలు బావురుమన్నాడు. లిదియమ్మకు ఏడుపు రాలేదు.

"చెవులు బాగైనాయి మా, అని నవ్వినాడయ్యా. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నా."