నడిచొచ్చిన అమ్మ పాలు

తెల్లవారగానే కూతురు ముందుగదిలో చాప పరిచింది. మోకాళ్ళు మడిచి పడుకుని, నడుము మెల్లగా లేపి దించుతోంది. బడిపిల్లలకు ఈత నేర్పే మనిషి. కాన్పయ్యాక పుట్టింట్లో మంచం మీదే గడిపి విసిగిపోయింది. మెల్లగా మొదలుపెట్టమని, పాలకేమీ కాదని డాక్టరమ్మ చెప్పింది.

"పచ్చి ఒళ్ళే! నడుం జారిపోతే?" అంది తల్లి వంటింట్లోంచి.

"జారిపోవడానికి అదేమన్నా సబ్బుబిళ్ళా అమ్మా?"

"నవ్వు, నవ్వు. చెమట పట్టిందంటే పాలు పులుస్తాయి. పిల్లాడు మూతి తిప్పుకుంటే తెలుస్తుంది."

"పులవడానికి అవేమన్నా కుండలో తోడేసినవా?" అన్నాడు తండ్రి, కుట్టుమిషను మీదనుంచి తల ఎత్తకుండానే. ఆయన దర్జీ. మనవడికి 'బొత్తాం' అని ముద్దుపేరు పెట్టిందీ ఆయనే.

కూతురు వీధి చివరిదాకా నడిచొచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని బొత్తాంని ఒళ్ళోకి తీసుకుంది. వాడు ఒక గుటకైనా వేయకుండా మూతి తిప్పేశాడు. మొన్నా ఇంతే, నిన్నా ఇంతే. పాలు నిండి రొమ్ములు రాళ్ళలా సలుపుతున్నాయి.

"నే చెప్పలా?" అంది తల్లి.

కూతురికి ఏడుపు ఆగలేదు. "మానేస్తానమ్మా. ఉద్యోగం కూడా వద్దని కబురు పెడతాను. వీడి నోటి దగ్గర పాలు చెడగొట్టుకుని ఎవరికి నేర్పాలి ఈతలు?"

తల్లి కోరుకున్న మాటే అది. కానీ విన్నాక చీపురు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి గదంతా వెతికింది.

మిషను ఆగింది. "అదేంటే, అమ్మాయి అటు వెళ్ళగానే సీసాడు డబ్బాపాలు పట్టావుగా? కడుపు నిండినవాడు ఇంకేం తాగుతాడు?" అన్నాడు తండ్రి.

"ఈరోజేనా, రోజూనా?" అంది కూతురు.

"మొన్నట్నుంచి," అని గొణిగింది తల్లి.

"నా పాలు విషమైపోయాయనుకుని కుమిలిపోతున్నానే! కన్నతల్లివి, నీకెలా మనసొప్పిందమ్మా?"

"నీకు ఓపికొస్తే వెళ్ళిపోతావు," అంది తల్లి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ. "మా అమ్మ నన్ను సాగనంపుతూ మళ్ళీ ఎప్పుడొస్తావే అంది. రేపో మాపో అన్నాను. నేనొచ్చేసరికి ఆవిడ లేదు. అప్పట్నుంచీ గుమ్మంలో ఎవరు సంచి సర్దినా నా గుండెలో రాయి పడుతుంది."

"వంతెన దాటితే మా ఇల్లు. నేనేమన్నా సముద్రాలు దాటుతున్నానా?"

"వంతెన దాటితే చాలు, కాదనను. కానీ వీడి ఏడుపు ఇక్కడికి వినపడదుగా!"

కూతురి కోపం అక్కడే సగం కరిగింది. మిగతా సగం మాత్రం దాచుకోలేదు. "నీ బెంగ నాకు చెప్పాలి గానీ, వీడికి సీసా పడతావా? ఇంకెప్పుడూ అలా చేయకు."

"చేయను. వీడి మీద ఒట్టు."

"వాడి మీదెందుకు? నీ మీద నువ్వే వేసుకో," అన్నాడు తండ్రి. ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది.

సలుపు తగ్గేంతవరకు కాసిని పాలు పిండేసి, పొద్దెక్కాక కూతురు మళ్ళీ చాప మీద పడుకుని మిగిలిన వ్యాయామం పూర్తి చేసింది. నుదుటి చెమట తుడుచుకుంటుండగానే బొత్తాం ఆకలితో లేచాడు. ఒళ్ళోకి తీసుకోగానే ఆబగా అందుకున్నాడు. తల్లి వంగి వాడి మూతినే చూస్తోంది, ఎక్కడ ముడుచుకుంటుందోనని. వాడు గుటకలు వేస్తూ, పిడికిలి విప్పి హాయిగా కళ్ళు మూశాడు.

"పులిశాయా అమ్మా?"

"వాడి మొహం చూస్తే జున్ను తిన్నట్టుంది," అంది తల్లి, కళ్ళు తుడుచుకుని. వాడి పాదం నిమురుతూ మెల్లగా అడిగింది. "రేపు నడకకి నన్నూ తీసుకెళ్ళవే. నువ్వు వెళ్ళేలోగా ఆ వంతెన దాటే ఓపిక నాకూ రావాలిగా!"