ముప్పై గ్రాముల ట్రిగ్గర్

"సాయంత్రం నాలుగింటికి నీ చెల్లెల్ని చంపబోతున్నారు. ముందు ఆ కాలు ఊపడం ఆపు," అన్నాడు కర్నల్ మామిరోవ్.

ఎర్మెక్ కాలు ఆగలేదు. పుట్టినప్పటినుంచీ కుదురు లేని మనిషి. ఫైల్లో ఏజెంట్ పదిహేడు అని ఉంటుంది గాని, బిష్కెక్ ఆఫీసులో అందరూ అతన్ని పాదరసం అనే పిలుస్తారు. లగ్మాన్ కొట్టు వెనక గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గిన్నెల్లో నూడుల్స్ అలాగే చల్లారిపోతున్నాయి. అప్పుడు ఉదయం పది.

"ఎవరు?"

"కాస్కేడ్."

ఆ పేరుకి ఇంకేం చేర్చనక్కర్లేదు. రెండు దేశాలు నీళ్ళ కోసం కొట్టుకుంటుంటే ఇద్దరికీ ఆయుధాలమ్ముకునే విదేశీ ముఠా అది. ఎర్మెక్ చెల్లెలు బెగిమాయ్ నదుల ఇంజనీరు. నాలుగేళ్ళు బతిమాలి, దెబ్బలాడి, పొరుగుదేశాన్ని నీటి ఒప్పందానికి ఒప్పించింది. ఊరి బయటి షూటింగ్ రేంజ్‌లో ఇవాళ రెండు దేశాల స్నేహపూర్వక పిస్టల్ పోటీ. అది అయ్యాక పచ్చికలో వేసిన వేదిక మీద, అందరి ముందూ సంతకాలు.

"దానికి తెలుసా?"

"చెప్పాను. రావద్దన్నాను. ఇవాళ సంతకం కాకపోతే వచ్చే వేసవికి లోయలో చేలన్నీ ఎండుతాయి, మీ పని మీరు చూసుకోండి, నా పని నేను చూసుకుంటానంది. మీ ఇంట్లో మాట వినేవాళ్ళు ఒక్కరూ పుట్టలేదా?"

"రేంజ్‌లో తుపాకులన్నీ లాగేసుకుందాం."

"పొరుగువాళ్ళ టీమువి కూడానా? లాగిన మరుక్షణం వాళ్ళ మంత్రి కారెక్కుతాడు. కాస్కేడ్‌కి తూటా ఖర్చు కూడా మిగులుతుంది." కర్నల్ ఒక చేతిగడియారం ముందుకు తోశాడు. "పెట్టుకో. ఐదు నిమిషాలకోసారి మణికట్టు మీద సూదిలా పొడుస్తుంది. టైము మర్చిపోవు."

"నాకిది అవసరమంటారా?"

"నీకు కాదు. నా మనశ్శాంతికి. ఎర్కిందిక్ చెట్ల బాటలో ఎర్ర కోటు వేసుకుని ఇలోనా ఉంటుంది. వెళ్ళు."

ఇలోనా వర్గా కాస్కేడ్ మనిషి. కర్నల్ మనిషి కూడా. ఆవిడ ఎటువైపు ఎంత మనిషో ఆవిడకైనా తెలుసో లేదో. దారిన పోయే వాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత అందగత్తె. అలా చూపించుకుంటూనే ఏడేళ్ళుగా ఎవరికీ దొరకలేదు.

ఎర్మెక్ బెంచీ చివర కూర్చున్నాడు. "ఈ ఏడు అర్స్‌లాన్‌బాబ్ అక్రోట్లు ఎలా ఉన్నాయి?"

"పెంకు పలచన, పప్పు చేదు," అంది ఆవిడ పేపరు దించకుండా. కోడ్ సరిపోయింది. "నువ్వు బెంచీ ఊపుతున్నావు. నాకు తల తిరుగుతోంది."

"ఎవరు కాలుస్తున్నారు?"

"నాకు చెప్పలేదు. నన్ను వాళ్ళు కూడా నమ్మరు. ఒక్కటే తెలుసు. నెల క్రితం ఒక పిస్టల్‌కి కొత్త పిడి చేయించారు. చేసింది మీ పిడులు చెక్కే తొలొగొన్. ముసలాయనకి ఎవరికోసమో తెలీదు. నా చేతులతో నేనే ప్యాకెట్ ఇచ్చొచ్చాను."

చెయ్యి చాపింది. ఎర్మెక్ అందుకున్నాడు. సన్నని, చల్లని చెయ్యి. విదేశీ ఆడవాళ్ళతో చేతులు కలపడం మా వాళ్ళకి ఇప్పుడు అలవాటే, తప్పదు కదా.

తొలొగొన్ దుకాణం ఓష్ బజారు వెనక. గదంతా అక్రోట్ చెక్క పొట్టు, వార్నిష్ వాసన. దేశంలో గురి చూసి కాల్చే ప్రతివాడి చెయ్యీ ఆయనకి తెలుసు; మొహాలు మాత్రం గుర్తుండవు. మా వాళ్ళకి కొనుక్కున్న పిడి పనికిరాదు. చెక్క తెచ్చుకుని చేతికి సరిపోయేదాకా ఆకురాయితో అరగదీసుకుంటూనే ఉంటారు. చలికాలానికో తీరు, ఎండాకాలానికో తీరు.

"రా బాలమ్, రా నాయనా, కూర్చో. నువ్వు కూర్చోవు, తెలుసులే," అన్నాడు ముసలాయన.

విషయం విన్నాక ఆయన మొహం వాడిపోయింది. తర్వాత ఖాళీ పిస్టల్ ఒకటి ఎర్మెక్ చేతిలో పెట్టి, గొట్టం కొసన ఒక సోమ్ నాణెం నిలబెట్టాడు.

"నొక్కు."

ఎర్మెక్ ట్రిగ్గర్ నొక్కాడు. నాణెం ఖంగుమంటూ నేల మీద పడింది.

"చూశావా. నీ వేలు నొక్కలేదు, చెయ్యి మొత్తం పిసికింది. ట్రిగ్గర్ బరువుగా ఉంటే ఆఖరి క్షణంలో అందరూ చేసే తప్పు ఇదే. పిస్టల్ ముక్కు కిందికి వంగుతుంది. యాభై మీటర్ల దూరాన అది జానెడు తేడా. ఇది పట్టుకో." రెండో పిస్టల్ ఇచ్చాడు. "ఇప్పుడు."

ఎర్మెక్ వేలు తగిలీ తగలకుండానే టిక్కుమంది. నాణెం కదల్లేదు.

"ఇది ముప్పై గ్రాములు. ఈగ వాలినా పేలుతుంది. వాళ్ళు అడిగింది ఇదే. యాభై మీటర్ల ఫ్రీ పిస్టల్, ఒక్క తూటా పట్టేది. పిడి కావాలని ప్లాస్టర్‌లో అచ్చుతీసిన చెయ్యి పంపారు. దాని చుట్టూ కట్టాను, మణికట్టు దాకా. చేతి తొడుగులా ఎడమచేత్తో ఎక్కించుకోవాలి. కుదురుగా కూర్చుందంటే ఆ చేతి గురి తప్పదు. వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, మళ్ళీ ఎక్కించుకుంటే తప్ప లాభం లేదు." ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "నా జన్మలో ఇంత మంచి పిడి చేయలేదురా. సిగ్గుగా ఉంది."

"ఆ చెయ్యి ఎలా ఉంది తాతా?"

"వెడల్పు. నేనెప్పుడూ పిడి కట్టని చెయ్యి. యాభై దాటిన మనిషి. కుడిచేతి ఉంగరం వేలు ఎప్పుడో విరిగి బయటికి వంకరగా అతుక్కుంది. మగాడే, ఇంకెవరు? ఫ్రీ పిస్టల్ పోటీలో ఆడవాళ్ళని ఎప్పుడు నిలబెట్టారు గనక."

గడియారం పొడిచింది. ఎర్మెక్ అప్పటికే గుమ్మం దాటాడు.

కారులో ఉండగా బెగిమాయ్ ఫోన్ చేసింది.

"బైకే, అన్నయ్యా, ఏమైనా తిన్నావా?"

"నువ్వు ఇంటికి వెళ్ళిపో. నా బంగారం కదూ."

"నీ బంగారాన్ని చిన్నప్పుడు వాగులోకి తోసింది ఎవరు?"

"ఆటకి తోశాను. వెంటనే దూకి తీశాను కదా."

"అయితే ఇప్పుడూ తియ్యి. నాకు భయంగానే ఉంది బైకే. కానీ కుర్చీ ఖాళీగా కనిపిస్తే వాళ్ళు మళ్ళీ పదేళ్ళు రారు. నువ్వు వస్తున్నావు కదా?"

"వస్తున్నా," అన్నాడు. అమ్మానాన్నా పోయాక అతనికి మిగిలింది ఆ ఒక్క గొంతే.

రేంజ్‌లోకి అడుగుపెట్టేసరికి మూడు దాటింది. వేషం స్పోర్ట్స్ విలేకరిది: మెడలో కెమెరా, నెత్తిన తెల్ల కల్పక్ టోపీ, మూతి మీద అతికించిన మీసం. మీసం దురద పెడుతోంది. కానీ అతని అసలు ఆయుధం వేరే. మా దేశంలో మగాడు ఏ గదిలోకి వెళ్ళినా అక్కడున్న ప్రతి మగాడి చెయ్యీ కలపాలి. ఒక్కణ్ణి వదిలేసినా తగువే. ఇంతకంటే సులువైన సోదా ప్రపంచంలో ఇంకెక్కడుంటుంది?

మొదలుపెట్టాడు. ఇరు జట్ల షూటర్లు, కోచ్‌లు, జడ్జీలు, డ్రైవర్లు, టార్గెట్లు మార్చే పనివాళ్ళు, పిలావ్ వండుతున్న వంటవాడు. సలాం, కుశలమా, ఇల్లూ వాకిలీ బాగున్నాయా. ఒక్కొక్క చేతినీ క్షణం ఎక్కువ పట్టుకుని ఉంగరం వేలు తడిమాడు. ఒకడికి చూపుడు వేలు సగం లేదు. ఇంకొకడికి గోరు లేదు. పొరుగు జట్టు కోచ్ చెయ్యి వెనక్కి లాక్కుని, "ఏంటి తమ్ముడూ, సంబంధం చూడ్డానికి వచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆడవాళ్ళకి రివాజు ప్రకారం గుండె మీద చెయ్యి పెట్టి తల వంచాడు. తుపాకుల తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న కులుయ్‌పా ఎజెకి ఇంకాస్త వంగి నమస్కరించాడు. యాభై ఎనిమిదేళ్ళ పెద్దావిడ, అందరికీ ఎజె, అంటే అక్క. ప్రతి పిస్టల్ ట్రిగ్గర్‌కీ తూకపు గుండు వేలాడదీసి, బరువు సరిపోయిందో లేదో చూడటం నలభై ఏళ్ళుగా ఆవిడ పని. తెల్ల గ్లవుజులు తియ్యకుండానే తలూపింది.

వంకర వేలు ఎక్కడా దొరకలేదు.

ఇరవై నిమిషాలే ఉంది. ఎర్మెక్ మళ్ళీ మొదటినుంచి తిరిగాడు, ఎవడైనా తప్పిపోయాడేమోనని. గడియారం పొడిచింది. వేదిక మీద బెగిమాయ్ నీలం రిబ్బను కట్టిన ఫైలు ముందు పెట్టుకుని కూర్చుంది. అన్న కోసం జనంలో వెతుకుతోంది. అతనికి చెమటలు పట్టి మీసం ఒక పక్క ఊడింది.

ఇలోనా పక్కకొచ్చి నిలబడింది. కోపంగా ఉంది.

"వంటవాడి దాకా రెండుసార్లు చేతులు కలిపావు. నేనిక్కడ పిలావ్ బానలా నిలబడి ఉన్నాను. మీ మర్యాద మండా. ఈ రేంజ్‌లో సగం మంది చేతులు నువ్వసలు ముట్టుకోనేలేదు, తెలుసా?"

ఎర్మెక్ ఆమె వైపు చూశాడు. తర్వాత తనిఖీ బల్ల వైపు చూశాడు. తూకపు గుండు బల్ల మీదే ఉంది. గ్లవుజులూ ఉన్నాయి. కుర్చీ ఖాళీ.

పరిగెత్తాడు.

యాభై మీటర్ల షెడ్ ఆ రోజు పోటీలో లేదు, తాళం వేసి ఉండాలి. తాళం తీసి ఉంది. దాని పక్క కిటికీ సూటిగా పచ్చికలోకి, వేదిక మీదికి చూస్తుంది. తలుపు చప్పుడు కాకుండా తోశాడు. కులుయ్‌పా ఎజె పక్కకి తిరిగి, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. కుడి చెయ్యి మణికట్టు దాకా అక్రోట్ చెక్కలో మునిగిపోయి, మెల్లగా పైకి లేస్తోంది. కిటికీ అవతల బెగిమాయ్ కలం మూత తీస్తోంది.

ఏడడుగుల దూరం. మీద పడితే ఆ కుదుపుకి ముప్పై గ్రాములు చాలు, పేలుతుంది, గురి చెల్లెలి మీదే ఉంది. అరిస్తే ఆవిడే నొక్కేస్తుంది. అంత కదిలే మనిషి జన్మలో మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు.

చెయ్యి చాపాడు.

"ఎజె," అన్నాడు నెమ్మదిగా, "అందరికీ చెయ్యి ఇచ్చాను. మీకు ఇవ్వలేదు. తప్పు నాదే. చెయ్యివ్వండి."

నలభై ఏళ్ళలో ఫైరింగ్ లైన్ మీద ఏ మగాడూ ఆవిడకి చెయ్యి చాపలేదు. ఆవిడ తల తిప్పింది. తలతో పాటు భుజం, భుజంతో పాటు మణికట్టు. వెంట్రుకవాసి. అరచేతికీ చెక్కకీ మధ్య సందు పడిందని ఆవిడకి తెలిసిపోయింది. గొట్టాన్ని నేలవైపు దించి, మళ్ళీ ఎక్కించుకోవడానికి ఎడమచెయ్యి నడుం మీదనుంచి తీసింది. అంత మంచి షూటర్ కుదరని పట్టుతో కాల్చదు. కాల్చలేదు.

ఆ రెండు సెకన్లలో ఎర్మెక్ ఏడడుగులూ దాటి గొట్టాన్ని కప్పుకేసి ఎత్తాడు. ఠప్‌మంది. రేకులోంచి నాణెమంత వెలుగు లోపల పడింది. షూటింగ్ రేంజ్‌లో ఒక తుపాకి పేలితే తిరిగి చూసేదెవరు? వంటవాడు కూడా గరిటె ఆపలేదు.

పిడిలోంచి ఆవిడ చెయ్యి లాగడానికి చాలాసేపు పట్టింది. ఉంగరం వేలు బయటికి వంకరగా ఉంది.

"ఎందుకు ఎజె?"

"ప్రాక్టీసులో మీ చాంపియన్ల కంటే నేను ఎక్కువ పాయింట్లు కొట్టేదాన్ని," అంది కులుయ్‌పా. "ఆడదానికి ఈ పోటీ లేదన్నారు. తూకపు గుండు చేతికిచ్చి కూర్చోబెట్టారు. నాకు పిస్టల్ ఇచ్చి కాల్చమన్నది వాళ్ళొక్కళ్ళే."

"అక్కడ కూర్చున్నది కూడా ఆడదే ఎజె. మగాళ్ళ బల్ల దగ్గర కుర్చీ సంపాదించుకోవడానికి దానికి నాలుగేళ్ళు పట్టింది."

కులుయ్‌పా కిటికీలోంచి చూసింది. తర్వాత రెండు చేతులూ బేడీల కోసం తనే ముందుకు చాపింది. ఎర్మెక్‌కి కోపం రావాల్సింది. జాలేసింది. బేడీ వేస్తుంటే కూడా వేళ్ళు నొక్కుకోకుండా చూశాడు.

ఆవిడని కర్నల్ మనుషులకి అప్పగించి వేదిక దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ గొడవ. ఎవరూ పట్టించుకోని ఆ చప్పుడుకి ఒక్క బెగిమాయ్ మాత్రం ఉలిక్కిపడింది. సరిగ్గా అప్పుడే కలం కాగితం మీద ఉంది. సంతకం కొండచిలువలా మెలికలు తిరిగి, మంత్రిగారి పేరు మీదుగా పాకి, కాగితం అంచు దాటి బల్లగుడ్డ మీద ఆగింది. పొరుగుదేశం అధికారి కళ్ళజోడు సవరించుకుని, పాత కాగితాల్లోని సంతకంతో పోల్చి చూస్తున్నాడు.

"ఇది మీ సంతకం కాదే అమ్మా."

బెగిమాయ్ జనంలో అన్నని చూసింది. సగం మీసంతో, కల్పక్ ఎక్కడో పారేసుకుని, రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"ఇవాళ్టినుంచి ఇదే నా సంతకం," అంది.

ఇంకా పదకొండు ప్రతులున్నాయి. అన్నిటిమీదా అచ్చం అలాగే ఉండాలని అధికారి పట్టుబట్టాడు. చావు తప్పించుకోవడానికి రెండు సెకన్లు పట్టిన చోట, ఆ మెలికలు మళ్ళీ అదే తీరుగా తిప్పడానికి ఆమెకి గంటన్నర పట్టింది.