పిడికెడు బియ్యం తెచ్చే ఊరు

ఎసరు మరుగుతోంది. సుకుమారి చేటలోని బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసింది. మిగతావి కడిగి ఎసట్లో పోసింది.

వాకిట్లో కూర్చుని చెక్క గరిటెకు గరుకు కాగితం రుద్దుతున్న ఆడబిడ్డ రాహేలమ్మ తలెత్తి చూసి నవ్వింది.

"ఇంకా మానలేదా ఏందే ఆ పిడికెడు? మా చర్చిలోనే సగంమంది మానుకున్నారు."

"అత్తమ్మ నేర్పింది వదినా. చెయ్యి దానంతటదే పోతుంది."

ఉదయగిరి బాప్టిస్టు ఇళ్ళలో అది పాత పద్ధతి. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం పక్కన పెడుతుంది. ఆదివారం వాటిని చిన్న సంచిలో పోసుకెళ్ళి చర్చిలో పెట్టిన బుట్టలో గుమ్మరిస్తుంది. లేనివాళ్ళకు పంచుతారు. సుకుమారి బతికిన మంచుకొండల్లో బుట్టా లేదు, తెలుగు చర్చీ లేదు. అయినా తీసేది. మంచు పడే నెలల్లో ఆ గింజలు పిట్టలకు చల్లేది.

లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. ఆడవాళ్ళిద్దరూ మాట ఆపేశారు. దగ్గు తెరిపిచ్చాకే రాహేలమ్మ చెయ్యి మళ్ళీ గరిటె మీద కదిలింది.

ఆ దగ్గే వాళ్ళను కొండల మీంచి కిందికి దింపింది. పెళ్ళయిన ఏడాదే సుకుమారి ఆత్మకూరులో పుట్టింటిని వదిలి, భర్త డేవిడ్‌రాజు వెంట హిమాచల్ వెళ్ళిపోయింది. ఆయన అక్కడి స్కూల్లో లెక్కల మాస్టారు, ఆమె ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగాలు అయిపోయాయి. చలి మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేసింది. "ఇంకో చలికాలం ఇక్కడ గడిపితే నాకు చెప్పడానికేం మిగలదు. వెచ్చగా ఉండే సముద్రం పక్క ఊరు చూసుకోండి," అన్నాడు డాక్టరు. ఉదయగిరిలోనే ఉండిపొమ్మని రాహేలమ్మ పోరింది. కానీ ఆమె గరిటెలు చెక్కే ఇల్లది, ఇంటినిండా చెక్క రజను. ఆ రజను ముక్కులోకి పోతే చాలు, తమ్ముడికి ఊపిరాడదు.

అందుకని సముద్రం ఒడ్డున ఊళ్ళు చూడడం మొదలుపెట్టారు. కొత్తపట్నం చూశారు. వాడరేవు చూశారు. రామాయపట్నం, తుమ్మలపెంట కూడా అయ్యాయి. ప్రతిచోటా సుకుమారికి ఏదో ఒక ఇల్లు నచ్చేది. ప్రతిచోటా డేవిడ్‌రాజు వద్దనేవాడు. ఒక ఊళ్ళో నీళ్ళు బాగాలేవు. ఒక ఊళ్ళో గాలి ఎక్కువ. ఇంకో ఊళ్ళో ఏం బాగాలేదో కూడా చెప్పలేదు.

ఇంకో వింత ఉంది. ఇల్లు చూస్తుండగానే "ఇప్పుడే వస్తా" అని ఆయన మాయమయ్యేవాడు. కాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు. ఆ వెంటనే "వద్దు" అనేవాడు.

ఎక్కడికి పోతున్నట్టు?

సుకుమారికి ఒకటే అనుమానం. బీడీ. ఎప్పుడో మానేసిన బీడీ మళ్ళీ మొదలయింది. ఊపిరి తీయడానికే కష్టపడే మనిషి చాటుగా పొగ పీలుస్తున్నాడంటే, ఆయనకు ఏ ఊరూ అక్కర్లేదన్నమాట. బతకడమే అక్కర్లేదన్నమాట.

"అమ్మా, రెడీయా?" కూతురు జెస్సికా కారు తాళాలు ఊపుతూ వచ్చింది. బెంగళూరు నుంచి ఇందుకోసమే సెలవు పెట్టి వచ్చింది. "ఈరోజు మైపాడు. డాడీకి ఇది కూడా నచ్చకపోతే నేనేం చెయ్యలేను. ఇక లీవ్ లేదు."

"నచ్చకపోతే పైకే పోదాం," అన్నాడు డేవిడ్‌రాజు మఫ్లరు సవరించుకుంటూ గడపలోకి వచ్చి.

"ఈ ఎండలో మఫ్లరేందిరా? చూసినోళ్ళు నవ్విపోతారు," అంది రాహేలమ్మ.

"అలవాటక్కా."

"పైకి పోతాడంట పైకి! ఏ పైకిరా నాయనా నువ్వు పొయ్యేది?"

ఎవరూ నవ్వలేదు. సుకుమారి నీళ్ళ సీసా, మందుల సంచి, గొడుగు తీసుకుంది. అవి మోసి మోసి ఆమె భుజం ఒకవైపు వంగిపోయినట్టుంది.

*

మైపాడులో ఇల్లు మేడమీద ఉంది. డేవిడ్‌రాజు మధ్యలో ఎక్కడా ఆగకుండా మెట్లెక్కేశాడు. పైకొచ్చాక కూడా దగ్గలేదు. సుకుమారిలోని నర్సు అది చూసింది, ఏమీ అనకుండా దాచుకుంది. సముద్రం హోరు సన్నగా వినిపిస్తోంది. గాలి గోరువెచ్చగా ఉంది.

ఆమె పడమటి కిటికీ తెరిచి చూసింది. "సాయంత్రం దాకా ఎండ నేరుగా లోపలికే పడుతుంది. ఎంత బావుందో!"

ఇంటి ఓనరు దేవకమ్మ పడీపడీ నవ్వింది. "ఎండ పడే ఇల్లు కావాలన్నోళ్ళని ఇప్పుడే చూస్తుండా తల్లీ! మే నెల్లో ఆ కిటికీ తెరిచినారంటే వడియాలు మంచం మీదే ఎండిపోతాయి."

సుకుమారికీ నవ్వొచ్చింది. కొండల చలిలో ముప్పై ఏళ్ళు ఎండ ఎటు పడుతుందో చూసుకునే ఇల్లు మారిన మనిషి ఆమె. నవ్వుతూనే భర్తవైపు తిరిగింది.

ఆయన లేడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. జెస్సికా కింద వీధిలోకి తొంగి చూసి, కనబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. దేవకమ్మ మంచినీళ్ళిచ్చింది, బోరు నీళ్ళ గురించి చెప్పింది, బజారు ఎటుందో చూపించింది. చాలాసేపటికి మెట్లమీద అడుగులు వినిపించాయి.

"వద్దులే సుకుమారీ. వేరే ఊరు చూద్దాం."

"ఏం తక్కువయింది దీనికి?"

"ఉప్పుగాలి. ఇనుమంతా తుప్పు పడుతుంది."

"మనకేం ఇనుముందండీ? మీ ట్రంకుపెట్టె తప్ప?"

సుకుమారి దగ్గరికొచ్చింది. "నోరు తెరవండి."

"ఏంది?"

"తెరవండి. ఊదండి."

దేవకమ్మ చూస్తుండగానే ఊదించింది. వాసన చూసింది. పొగ లేదు. యాలకులు లేవు, కప్పిపుచ్చే వాసనేదీ లేదు. ఇన్నాళ్ళూ పెంచుకున్న అనుమానం ఒక్క ఊపిరితో పోయింది. పోయి, ఇంకా పెద్దది మిగిల్చింది. బీడీ కాకపోతే ఏమిటి?

"డాడీ, మీకసలు బతకాలనుందా లేదా?" జెస్సికా ఉండబట్టలేకపోయింది. "ఉంటే ఒక్క ఊరికైనా ఊఁ అనండి. అమ్మను చూడండి, ఎలా అయిపోయిందో!"

"పద. పోదాం," అన్నాడాయన. అంతే.

కారు కదలబోతుండగా ఎవరో చెయ్యూపుతూ వచ్చారు. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ, చేతిలో సుకుమారి గొడుగు.

"సారు మా చర్చిలో మరిచిపోయినాడమ్మా. నేను సువార్తమ్మను, అక్కడ బైబిల్ ఉమెన్‌ని, ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తా." అద్దం దగ్గరికి వంగింది. "పిడికెడు బియ్యం ఇంకా తెస్తుండారా అని అడిగినాడు. ఎవరు తెస్తుండారమ్మా ఈ కాలంలో? కవర్లో డబ్బులేస్తారు, లేదంటే ఫోన్లో కొట్టేస్తారు. ఆ మాట చెప్పగానే సారు ముఖం చిన్నబోయింది. మా మాటకేమన్నా నొచ్చుకున్నాడేమోనని వచ్చినా."

సుకుమారి గొడుగు అందుకుంది. భర్త వైపు చూసింది. ఆయన సముద్రం లేని వైపు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

*

తిరుగుదారిలో ఆత్మకూరు వచ్చింది. సుకుమారి పుట్టిన ఊరు అది. ఇప్పుడక్కడ ఆమె తట్టగలిగిన తలుపు ఒక్కటీ లేదు. బస్టాండు దగ్గర టీ అంగడి ముందు జెస్సికా కారాపింది. బల్లమీద మూడు గ్లాసులు పెట్టి పోయాడు అంగడాయన.

"ప్రతి ఊళ్ళోనూ అదే అడిగారా?" అంది సుకుమారి.

డేవిడ్‌రాజు తలూపాడు.

"బియ్యం కోసం ఊరు వద్దంటారా? నేను తిరగలేకపోతున్నానండీ. నిజంగా నావల్ల కావడం లేదు. చెప్పండి, ఏమిటిది?"

ఆయన గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టాడు. కొండల్లో చలికి అలా పట్టుకునే అలవాటు. ఇక్కడ చలి లేదు, చేతులకు ఆ సంగతి తెలీదు.

"అమ్మ దొడ్లో పడిపోయింది గుర్తుందా?"

"తుంటి ఎముక విరిగింది. గుర్తుంది."

"ఎవరు చూసినారో తెలుసా? అక్క అప్పుడు మర్రిపాడులో కాపురం. నేను కొండల్లో. ఇంట్లో అమ్మ ఒక్కతే. శనివారం పొద్దుగూకినాక పడింది. అరిచే ఓపిక కూడా లేదు. ఆదివారం చర్చిలో బియ్యం పోసుకునే ఆమె బుట్ట చూసి, 'కరుణమ్మ సంచి రాలేదేంది?' అని అడిగిందంట. పాట పూర్తికాకముందే ఇద్దరు ఆడోళ్ళు లేచి ఇంటికి పోయినారు. తలుపు పగలగొట్టినారు. ఆ తర్వాత అమ్మ ఎన్నేళ్ళు బతికిందో నీకు తెలుసు."

"చర్చికి రాలేదని వెళ్ళారా?" అంది జెస్సికా.

"కాదమ్మా. చర్చికి రానోళ్ళు ఎంతోమంది ఉంటారు, ఎవరు అడగబోతారు? జ్వరమొచ్చి రాకపోయినా సంచి మాత్రం ఎవరి చేతికో ఇచ్చి పంపేది అమ్మ. సంచి రాలేదంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని అర్థం. అదీ సంగతి." ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. "నా ఊపిరికి ఏ గాలి మంచిదో డాక్టరు చెప్పినాడు. నేను పోయినాక మీ అమ్మ పొయ్యి వెలగకపోతే ఏ ఊళ్ళో తలుపు తడతారో, అది డాక్టరుకేం తెలుసు? నీతో బెంగళూరు రమ్మంటే రాదు, అది నాకు తెలుసు."

సుకుమారి టీ తాగలేదు. మొదట కోపమే వచ్చింది. వెళ్ళిన ఊరల్లా గుర్తొచ్చింది. తను కిటికీలు తెరిచి ఈయన మంచం ఎక్కడ వెయ్యాలా అని చూస్తుంటే, ఈయన చర్చి గడపలో నిలబడి...

"నేను మీరుండే ఊరు వెతుకుతున్నా," అంది మెల్లగా. "మీరేమో మీరు లేని ఊరు వెతుకుతున్నారా?"

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్ళు ఆగలేదు. పక్క బల్లమీద మనుషులు చూస్తున్నారు. చూడనీ అనుకుంది. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"సరే, ఒక మాట చెప్పండి లెక్కల మాస్టారూ. ముందు పోయేది మీరేనని ఎవరు చెప్పారు?"

"అదేం మాట?"

"ఆసుపత్రిలో ఎంతమందిని చూశాను! దగ్గేవాడు ఉండిపోయేవాడు, వాడికి జావ తాగించిన ఆవిడ పోయేది. నేనే ముందు పోతే?"

డేవిడ్‌రాజు ముఖం పాలిపోయింది. ఎన్ని లెక్కలు చేసినా ఆ లెక్క ఎప్పుడూ చెయ్యలేదని ఆ ముఖంలోనే తెలిసిపోయింది.

"అరశేరు బియ్యానికి ఎసరెంతో తెలుసా మీకు?"

ఆయన జెస్సికావైపు సాయం కోసం చూశాడు.

"నన్ను చూడకండి డాడీ. మీకు టీ పెట్టడం కూడా రాదు," అంది జెస్సికా. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి ఆ పిల్లకి.

సుకుమారి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బల్లమీద పెట్టింది. "ఇక ఊరు వెతకను. అలిసిపోయాను. మైపాడులో మీరు మెట్లెక్కినప్పుడు దగ్గలేదు. నాకది చాలు. బుట్ట లేకపోతే బుట్ట నేను కొంటా. ఆదివారం సంచి తీసుకెళ్ళి సువార్తమ్మ ముందు పోస్తా. ఒకరు పోస్తే ఇంకొకరు పోస్తారు. ఎవరూ పొయ్యకపోయినా, మన సంచి రాకపోతే ఆవిడొక్కతే వచ్చి తలుపు తడుతుంది. గొడుగు మరిచిపోతేనే అంత దూరం వెనకే వచ్చిన మనిషి!"

జెస్సికా అప్పటికే దేవకమ్మకు ఫోను కలిపింది. "ఇల్లు ఎవరికీ ఇవ్వొద్దండీ. మేమొస్తున్నాం... ఆఁ, ఆ కిటికీకి తెర వేయించుకుంటాం లెండి."

*

మర్నాడు పొద్దున ఉదయగిరిలో ఎసరు మరుగుతోంది. సుకుమారి చేట తీసుకుంది. పిడికెడు తీసి డబ్బాలో వేసింది. వెనకనుంచి ఒక నీడ చేట మీద పడింది. డేవిడ్‌రాజు మఫ్లరు లేకుండా నిలబడి ఉన్నాడు.

"నేనూ వేస్తా."

"అందులో కాదు. మీది వేరే," అని ఆమె ఇంకో గిన్నె జరిపింది. "వదినా, నీ దగ్గర పాత గుడ్డ ఉంటే రెండు చిన్న సంచులు కుట్టిపెడతావా?"

"ఒక ఇంటికి రెండు సంచులెందుకే?" అంది రాహేలమ్మ వాకిట్లోంచి.

"ఎవరిది రాకపోయినా తెలియాలి కదా వదినా."

గరిటె మీద గరుకు కాగితం ఆగిపోయింది. అమ్మ పడిపోయిన ఆ శనివారం తనెక్కడుందో రాహేలమ్మకు గుర్తుంది. మోకాళ్ళమీద రజను దులుపుకుని లేచింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, దాన్ని దాచుకోవడానికి గొంతు పెంచింది.

"పిడికెడంటే నిండా తీస్తావేమో! మగోడి పిడికిలి, నా డబ్బా ఖాళీ అయిపోతాది. చూసి తియ్యిరా."

డేవిడ్‌రాజు బియ్యంలో చెయ్యి పెట్టి పిడికిలి మూశాడు. తీస్తుండగానే దగ్గు తెర వచ్చింది. ఒళ్ళంతా ఊగిపోయింది, రెండో చెయ్యి గోడకు ఆనించాడు. సుకుమారి తన అరచెయ్యి ఆయన పిడికిలి కింద పట్టింది, గింజలు రాలితే పడతాయని.

ఒక్క గింజ కూడా రాలలేదు. దగ్గు ఆగేదాకా ఆయన పిడికిలి విప్పలేదు.