నీళ్లు తాగిన పట్టీ

కస్టమ్స్ ఇన్‌స్పెక్టరు శవం కంకిపాడు దగ్గర కాలవలో తేలింది. మద్రాసు రేవులో దిగిన విదేశీ పట్టీల పెట్టె విప్పి చూసిన మనిషి అతనొక్కడే. మద్రాసులో సముద్రం పెట్టుకుని కంకిపాడు దాకా వచ్చి మునగడమేమిటని అడిగే తీరిక పోలీసులకి లేదు. రైల్వే సమ్మె రోజులవి, ఎవరి గొడవ వాళ్లది.

గూఢచారి సంజీవరావుకి ఈ సంగతి గవర్నర్‌పేట ఫోటో స్టూడియోలో తెలిసింది. "పాస్‌పోర్టు సైజండీ, వెనకాల కొండ కనపడాలి" అన్నాడు కౌంటరు దగ్గర. "కొండకి ఎక్స్‌ట్రా అవుతుందండీ" అని జవాబొచ్చింది. కోడ్ కలిసింది. డార్క్‌రూమ్ వెనక గదిలో చీఫ్ జక్కయ్య విసనకర్ర ఊపుకుంటూ కూచున్నాడు.

"సబ్‌మెరైన్ బ్యాటరీలు. విశాఖ చేరాలి. రైళ్లు లేవు గనక లారీ మీద."

"ప్యాకింగ్?"

"చెక్క ప్యాలెట్ల మీద నిలబెట్టి, పాలియెస్టర్ పట్టీలతో బిగిస్తారు."

ఆ పట్టీల కథ జక్కయ్యే చెప్పాడు. చూడ్డానికి మంచానికి అల్లే నవారులా ఉంటుందిట, బిగిస్తే మాత్రం ఏనుగైనా కదల్లేదు. ఇనప బద్దీ వేస్తే బ్యాటరీలకి షార్ట్ సర్క్యూట్ భయం, జనపతాడు కడితే యాసిడ్ తినేస్తుంది. అందుకని విదేశాల నుంచి తెప్పించారు. తెప్పించారని తెలిసిన మర్నాడే ఒక విదేశీ ముఠా బెజవాడలో దిగింది.

"ముఠాలో మన మనిషి శివపార్వతి. పట్టీల కంపెనీ రిప్రజెంటేటివ్ వేషం. వాళ్లు తమ మనిషే అనుకుంటున్నారు, కానీ మన మనిషే" అన్నాడు జక్కయ్య. విసనకర్ర ఆపి, "మన మనిషేనయ్యా" అని మళ్లీ అన్నాడు. రెండోసారి చెప్పుకోవాల్సొచ్చిన మాట మీద ఎవడికైనా అనుమానం రావాలి. సంజీవరావుకి రాలేదు. ఆమెతో అప్పటికే నాలుగైదుసార్లు కాఫీ తాగాడు, ఇంకేం వస్తుంది!

చివర్లో జక్కయ్య లారీ డ్రైవరు పేరు చెప్పాడు. అంతోని. సంజీవరావు సొంత అన్న.

"నువ్వెవరో అతనికి తెలియకూడదు."

"సబ్బుల సేల్స్‌మన్‌నే అనుకుంటున్నాడండీ. నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడు కూడా."

జక్కయ్య నవ్వి ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. అందులో వైర్‌లెస్ ఉంది. సిరా మాత్రం పోయడానికి వీల్లేదు.

మర్నాడు పొద్దున్నే గోడౌన్‌లో లోడింగ్ అయింది. నల్లకళ్లద్దాలు, గాలికి ఎగిరే నైలెక్స్ చీర, చేతిలో పట్టీల బిగువు కొలిచే టెన్షన్ మీటరు. శివపార్వతి ప్రతి పట్టీనీ లాగి చూసి ఓకే అంది. అంతోని ఆ కట్టు వంక చూసి పెదవి విరిచాడు. ఇదేం నవారు కట్టురా, మంచం కాదుగా అని తమ్ముణ్ణి దెప్పాడు. సబ్బులవాడికి గోడౌన్‌లో ఏం పనో మాత్రం అడగలేదు. చిన్నప్పట్నుంచీ తమ్ముడు ఎక్కడ తగిలినా "అన్నం తిన్నావా" అనేదొక్కటే ఆయన అడిగే ప్రశ్న. అదే అడిగి, బండెక్కి వెళ్లిపోయాడు.

మిషన్ అయిపోయిందనే అనుకున్నాడు సంజీవరావు. శివపార్వతిని జీపులో వెంటబెట్టుకుని గుణదల దగ్గర సోడాబండి ముందు ఆగాడు. గోలీ నొక్కగానే సోడా పొంగి చొక్కా మీద పడింది. బల్ల మీద పెట్టిన పట్టీ ముక్క మీదా పడింది. కత్తిరించగా మిగిలిన ఆ ముక్కని ఇందాక గోడౌన్‌లో ఏరి జేబులో వేసుకొచ్చాడు, ఊరికే.

టెర్లిన్ చొక్కా మీద నీళ్లు బొట్లుబొట్లుగా జారిపోయాయి. పట్టీ ముక్క మాత్రం గుటుక్కున తాగేసింది.

సంజీవరావు చొక్కానీ పట్టీనీ మార్చి మార్చి చూశాడు. టెర్లిన్ అంటే పాలియెస్టరేగా? అదీ ఇదీ ఒకటే అయితే ఇది ఎందుకు తాగింది? తడవని కొసని అగ్గిపుల్లకి చూపించాడు. పాలియెస్టరైతే కరిగి ముద్దవ్వాలి. ఇది కాగితంలా కాలి బూడిదైంది.

"ఇది రేయాన్. పట్టీలు మార్చేశారు" అన్నాడు.

శివపార్వతి తన సోడా పూర్తిగా తాగి సీసా బల్ల మీద పెట్టింది. "పొడిగా ఉన్నంతసేపూ గట్టిదేనండీ. తడిస్తే సగం బలం పోతుంది."

"మే నెలలో వానెక్కడిది?"

"వానతో పనేముంది? మొదటి మజిలీలో తాళ్ల మీద నీళ్లు పోసి బిగించడం మీ నాన్న లాజరుగారు నేర్పిన పని అని మీరేగా చెప్పారు. మీ అన్నగారు హనుమాన్ జంక్షన్‌లో ఆగుతారనీ, నీళ్లు పోశాక లారీ నీడలోనే క్యారేజీ విప్పుతారనీ కూడా మీరే చెప్పారు."

చెప్పాడు. కాఫీ తాగుతూ, అన్నయ్య గురించి గొప్పగా చెప్పాడు. జనపతాడు తడిస్తే బిగుస్తుందని ఈ దేశంలో లారీ కట్టే ప్రతివాడికీ తెలుసు. ఆ తెలివినే ముఠా ఆయుధం చేసుకుంది.

"మీ జీపు టైర్లలో గాలి తీయించేశాను. నన్ను పట్టుకుంటారా, మీ అన్నని పట్టుకుంటారా?" అని అడిగిందామె. ఆ గొంతులో వెక్కిరింపు లేదు, అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

పెన్ను తీసి జక్కయ్యని పిలిచాడు. గరగరమంది అంతే. గుణదల కొండ అడ్డం. పెన్ను కాలవలోకి గిరాటేసి, సోడాబండి పక్కన ఎవరిదో బుల్లెట్ మోటారుసైకిలుంటే ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆమె అక్కడ ఉండదని తెలుసు.

గన్నవరం దాటేసరికి ఎండకి కళ్లు బైర్లు కమ్మాయి. మరియమ్మ తల్లీ, ఇవాళ ఒక్కరోజు మా అన్నయ్య బద్ధకించేలా చూడు అని మొక్కుకున్నాడు. అంతోని జన్మలో బద్ధకించి ఎరగడు.

హనుమాన్ జంక్షన్‌లో లారీ చింతచెట్టు పక్కన ఆగి ఉంది. బకెట్టు ఖాళీగా బోర్లించి ఉంది. పట్టీలన్నీ తడిసి నిగనిగలాడుతున్నాయి. లారీ నీడలో నలుగురు కూలీలు నిద్రపోతున్నారు, వాళ్ల పక్కనే అంతోని క్యారేజీ విప్పుతున్నాడు. పైన వెనక ప్యాలెట్ వాళ్ల వైపే మెల్లగా ఒరుగుతోంది.

"అన్నయ్యా, లే. కట్టు సాగుతోంది."

"ఎండన పడొచ్చావు. అన్నం తిన్నావా?" అంటూ అంతోని తలెత్తాడు. తలెత్తగానే చూశాడు. లాజరు కొడుక్కి ఇంకొకరు చెప్పాలా? క్యాబిన్‌లోంచి ఉచ్చుముడి వేసి ఉన్న జనపతాడు లాగి ప్యాలెట్‌కి తగిలేలా విసిరి, కొస పట్టుకుని లారీ అవతలి వైపుకి పరిగెత్తాడు. కొక్కేనికి ముడి వేసే వ్యవధి లేదు. తాడు కుడిచేతికి చుట్టుకుని చక్రానికి కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు.

సంజీవరావు కూలీలని కాళ్లు పట్టి ఈడ్చేశాడు. ఆఖరివాడు బయటపడగానే ప్యాలెట్ పట్టీలు పుటుక్కున తెగాయి. అరటన్ను బరువు తాడు మీదికి వచ్చింది. అన్న అరిచిన అరుపు అతను అదివరకెప్పుడూ వినలేదు. తమ్ముడు ఇంకో తాడు వేసి కొక్కేనికి బిగించేదాకా అంతోని మాత్రం వదల్లేదు.

ఒక్క బ్యాటరీ కూడా పడలేదు. సరుకు విశాఖ చేరింది. శివపార్వతి ఎక్కడికి చేరిందో ఎవరికీ తెలీదు.

పట్టీలు మారాయని ఒప్పుకుంటే డిపార్ట్‌మెంట్ పరువు పోతుందిట. అందుకని డ్రైవరు నిర్లక్ష్యంగా నీళ్లు పోయడం వల్ల ప్రమాదమని రాశారు. లైసెన్సు రద్దయింది. చేయి లేనివాడికి లైసెన్సు ఉంటే ఎంత, పోతే ఎంత అన్నాడు జక్కయ్య. సంజీవరావు అతని మొహం మీద కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు, సరేనండీ అన్నాడు.

ఆసుపత్రిలో అంతోని మంచం నవారు మంచం. కుడిచేతి కట్టు మణికట్టు దగ్గరే ఆగిపోయింది. తను పోసిన నీళ్ల వల్లే ఇంత జరిగిందని ఆయనకి చెప్పారు, నమ్మేశాడు. నాన్న పేరు చెడగొట్టాను తమ్ముడూ అని గోడ వైపు తిరిగాడు. కాదన్నయ్యా, నీ తప్పు కాదు, నేను వాగిన వాగుడు అని చెప్పడానికి నోరు తెరిచాడు సంజీవరావు. వార్డు గుమ్మంలో డిపార్ట్‌మెంట్ మనిషి పేపరు చదువుతున్నట్టు నిలబడి ఉన్నాడు. తెరిచిన నోరు మూసుకుని, వేషం పోకుండా తెచ్చిన సబ్బు బిళ్ల తలగడ పక్కన పెట్టాడు.

అంతోని ఇటు తిరిగి దాన్ని చాలాసేపు చూశాడు.

"ఒక చెయ్యి కడుక్కోవాలంటే రెండోది ఉండాలి కదరా. సబ్బులమ్మేవాడివి, నీకామాత్రం తెలీదా?"