గొట్టంలో మూడు రేకులు

మేస్త్రికి ఆ రోజు అది నాలుగో ఇల్లు. పొద్దుటి నుంచి నిచ్చెనలు ఎక్కీ దిగీ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వంటింటి పొగను బయటికి లాగే ఫ్యాన్లు బిగించడం, మోతపెట్టేవాటి నోరు మూయించడం ఆయన పని.

తలుపు తీసిన ఆవిడ ముఖం చూశాక తన అలసట ఏపాటిదిలే అనిపించింది. ఆఫీసులకు భోజనం క్యారేజీలు పంపే మనిషి. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండింటికి గాని ఆర్పదు. కిటికీ లేని వంటిల్లు, ఒక్క పడకగది, ఐదేళ్ళ పాప.

"ఫ్యాన్ ఆపితే ఊపిరాడదు, వేస్తే కునుకు పట్టదు బాబాయ్. నిన్న మరిగే గిన్నె పట్టుకుని నిలబడే తూగాను. కాస్తలో పాప మీద పడేది."

మేస్త్రి స్విచ్ వేశాడు. రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు ఒకటే మోత.

పాప ఆయన చొక్కా లాగింది. "తాతా, నువ్వు బాగుచేస్తే నాకు వినపడుతుందా?"

"బ్రహ్మాండంగా వినపడుతుంది తల్లీ," అన్నాడు, టీవీ సంగతేమో అనుకుని.

పొగ గొట్టం వంటింట్లో మొదలై, పడకగది కప్పు కింద నుంచి సాగి, చివర ఫ్యాన్ దగ్గర గోడ బయటికి పోతుంది. పడకగదిలో నిచ్చెన వేసి గొట్టం మూత విప్పి చూశాడు. లోపల మూడు రేకు ముక్కలు తీగతో వేలాడుతున్నాయి. గాలికి అవి కొట్టుకోవడమే ఆ మోత. ఎవరో కావాలనే కట్టారు. తీగకు మూడు మెలికలు, చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచిన కొస... ఆ పనితనం ఆయన ఎరిగినదే. తనకు పని నేర్పిన పెద్దాయనది. పోయి మూడేళ్ళయింది.

ఒకడు బిగించింది విప్పేముందు ఎందుకు బిగించాడో కనుక్కోరా అని పెద్దాయన చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. మామూలు రోజైతే మేస్త్రి కనుక్కునేవాడే. ఇవాళ ఆ ఓపిక లేదు. చివర్లో ముసలాయనకు మతి తప్పింది పాపం అనుకుని మూడూ పీకేశాడు. మోటారు కింద రబ్బరు దిమ్మలు పెట్టి, స్పీడు తగ్గించి, మళ్ళీ ఫ్యాన్ వేశాడు.

చప్పుడే లేదు. ఆవిడ వంటింటి గోడకు అలాగే జారబడి నోరు తెరుచుకుని నిద్రపోయింది. లేపడానికి ఆయనకు మనసొప్పలేదు. సామాను సర్దుకుంటుంటే పడకగదిలో పాప గొంతు వినిపించింది.

"అనగనగా ఒక ఎలుకంట..."

"ఊ."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. వాళ్ళమ్మ ఇక్కడే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"దానికి ఇల్లే లేదంట..."

"ఊ..."

తడిగొంతు. ఎప్పటి నుంచో మేలుకుని ఉన్నట్టు అలసిపోయిన గొంతు. మెల్లగా వెళ్ళి చూశాడు. పాప మంచం మీద కూర్చుని, మెడ ఎత్తి గొట్టం వైపు చూస్తోంది. గదిలో నూనె జిడ్డు వాసన పోయి, తడిమట్టి వాసన నిండింది. నిచ్చెన ఎక్కి గొట్టం మూత సందు దగ్గర దారప్పోగు పట్టి చూశాడు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలిని గొట్టంలోకి లాగాలి. దారం ఎగిరి ఆయన ముఖానికే తగిలింది. చల్లగా...

"ఎవరమ్మా అది?" గుసగుసగా అడిగాడు.

"ఊ కొట్టే ఆంటీ. ఇన్నాళ్ళూ మోతలో సరిగ్గా వినపడలేదు. ఇప్పుడు తను చెబుతుందంట, నేను ఊ కొట్టాలంట. కొడుతూ కొడుతూ తన దగ్గరికి వెళ్ళిపోవచ్చంట."

మేస్త్రి గబగబా మూత విప్పాడు. మూడు రేకులూ మళ్ళీ కట్టాడు. మూడు మెలికలు. కొస లోపలికి. మోత మొదలైంది.

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "మళ్ళీ ఇదేంటి బాబాయ్?"

"దీని జబ్బింతేనమ్మా. వీలైతే ఇల్లు మారు. పాపని ఒంటరిగా వదలకు."

"ఎక్కడికి పోను?" అని ఆవిడ చెంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందని తెలిసినా ఆయన సామాను తీసుకుని బయటికి నడిచాడు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. వంటింట్లో గిన్నెల చప్పుడు. మేస్త్రి మంచం మీద వాలి, కళ్ళు తెరవకుండానే భార్యకు జరిగిందంతా చెప్పుకొచ్చాడు.

"పెద్దాయన ఊరికే పెట్టలేదే ఆ రేకులు."

"ఊ," వంటింట్లోంచి.

"ఆ గొంతు పిల్లల చెవిన పడకూడదనే."

"ఊ... మరి అవి ఊడిపోతే?"

"ఎందుకూడతాయే. మడిచిన కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే తప్ప..." అన్నాడు నిద్రమత్తులో.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వీధి తలుపు తెరుచుకుంది. కూరల సంచీతో భార్య లోపలికి వచ్చింది. "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

జేబులో ఫోన్ మోగింది.

"బాబాయ్... మోత ఇప్పుడే దానంతటదే ఆగిపోయింది..." ఆవిడ గొంతు అప్పుడే నిద్రలోకి జారుతోంది. "హాయిగా ఉంది బాబాయ్... పడుకుంటున్నా..."

"అమ్మా, పడుకోకు! పాప ఎక్కడ?"

ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. దాని వెనకాల పాప గొంతు.

"ఊ..."

ఇంకాస్త దూరంగా, "ఊ..."

ఆ తర్వాతి "ఊ" ఫోన్‌లో వినపడలేదు. ఎవరూ లేని తన వంటింట్లో, పొయ్యి పైనున్న గొట్టంలోంచి వచ్చింది.